కూత తెగితే ఔట్: రెండు ఆటల రూల్స్ కలిపి నవ్వుల మ్యాచ్ పెట్టడం ఎలా

క్రికెట్‌లో పరుగు తీయాలంటే అవతలి బ్యాటర్‌తో మాట్లాడాలి. "రా", "ఆగు", "వద్దు వద్దు" అని అరవాలి. కబడ్డీలో గీత దాటిన రైడర్ నోట "కబడ్డీ" తప్ప మరో మాట రాకూడదు, ఆపకుండా అనే ఆ మాటే కూత. ఈ రెండింటినీ ఒకే పిచ్ మీద పెట్టి చూడండి. బంతి పక్కకు పోతుంది, ఇద్దరూ బయల్దేరతారు. సగం దారిలో ఒకరికి అనుమానం వస్తుంది. "ఆగు" అంటే కూత తెగుతుంది, ఔట్. అందుకని "కబడ్డీ కబడ్డీ" అంటూనే కళ్లు పెద్దవి చేసి, వెనక్కి పొమ్మని బ్యాట్ ఊపుతాడు. అవతలివాడికి అది "జల్ది రా" అన్నట్టు కనిపిస్తుంది. చివరికి ఇద్దరూ ఒకే క్రీజులో చేరి, కూత ఆపకుండానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడతారు. చూసేవాళ్లు కడుపు పట్టుకొని కూలబడతారు.

అక్కడ ఎవరూ జోక్ వేయలేదు. ఇద్దరూ రెండు రూల్స్‌నూ ఒళ్లు దగ్గర పెట్టుకొని పాటించబోయారు. చిన్నప్పటినుంచి ఒంటికి పట్టిన ఆట ఒకవైపు లాగుతుంటే, కొత్త రూల్ ఇంకోవైపు లాగుతుంది. నవ్వు పుట్టేది ఆ గుంజులాటలోనే. తోచిన రూల్స్ అన్నీ కలిపేస్తే ఈ గుంజులాట ఉండదు. పది నిమిషాల్లో "తొండి, తొండి" అనే గొడవ మాత్రం మొదలవుతుంది. అందుకే నవ్వుల మ్యాచ్‌కి మామూలు మ్యాచ్ కన్నా ఎక్కువ తయారీ కావాలి. హన్మకొండలో కాలేజీ గ్రౌండ్ అయినా, పరకాల దగ్గర ఊరి బడి ఆవరణ అయినా పద్ధతి ఇదే.

ఇంటి ఆట ఒకటి, చుట్టం రూల్ ఒకటి

మొదట తేల్చాల్సింది ఏ ఆట ఇల్లు, ఏది చుట్టం అన్న సంగతి. ఇంటి ఆట రూల్స్ అన్నీ యథాతథంగా ఉండాలి. రెండో ఆట నుంచి ఒక్క రూల్ మాత్రమే చుట్టంలా వస్తుంది. ఆడేవాళ్లకు అది బాగా అలవాటయ్యాక, రెండో ఇన్నింగ్స్‌లో కావాలంటే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. మూడోది తెస్తే స్కోరు రాసేవాడికే ఆట అర్థం కాదు.

కలపడం అనేది ఆటల్లో ఎప్పుడూ ఉన్నదే. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ వాలీబాల్‌ని తయారుచేసినప్పుడు టెన్నిస్, బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, బేస్‌బాల్ నుంచి తలా కొంచెం తీసుకున్నాడు. బాస్కెట్‌బాల్ పుట్టి అప్పటికి నాలుగేళ్లే. ఆగ్నేయాసియా ఆట సెపక్ తక్రా ఆడేవాళ్లను చూస్తే మన పద్ధతి ఇంకా తేటగా అర్థమవుతుంది. నెట్టు, కోర్టు, మూడు టచ్‌లు చూస్తే ఇల్లు వాలీబాల్‌దిలాగే ఉంటుంది. చుట్టం రూల్ ఒక్కటే, బంతికి చెయ్యి తగలకూడదు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన పురుషుల జట్టు ఆ ఆటలో కాంస్యం తెచ్చింది. 2003లో మొదలైన చెస్ బాక్సింగ్ పోటీలు మాత్రం వేరు. ఒక రౌండు చెస్, ఒక రౌండు బాక్సింగ్, రెండూ సమానంగా ఇంటివాళ్లే. దానికి రింగు, గడియారం, డాక్టరు కావాలి. కాలనీ గ్రౌండ్‌లో అటువైపు పోకండి.

ఏ రూల్ చుట్టంగా పనికొస్తుంది? నోటికి సంబంధించినది అన్నింటికన్నా మంచిది. కబడ్డీ కూత, ఖో-ఖోలో "ఖో" అనడం లాంటివి దూరాన ఉన్నవాళ్లకూ వినబడతాయి, తప్పితే అందరికీ తెలుస్తుంది. తర్వాతి స్థానం ఒంటి తీరును మార్చే రూల్స్‌ది, కూర్చోవడం, ఒంటికాలి మీద ఉండటం లాంటివి. లెక్కకు సంబంధించినవి మూడో స్థానంలో ఉంటాయి. ఆఫ్‌సైడ్, ఎల్‌బీడబ్ల్యూ, డక్‌వర్త్ లూయిస్‌లను తాకకండి. మైకు పట్టుకొని వివరించాల్సి వస్తే నవ్వు అక్కడే చచ్చిపోతుంది. మీ చుట్టం రూల్‌ని ఎనిమిదేళ్ల పిల్లకు రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ పిల్ల తిరిగి అదే మీకు చెప్పగలిగితే రూల్ పనికొచ్చినట్టు.

గ్రౌండ్, సామాను

చెలక నేల దొరికితే అదృష్టమే. ఎర్రమట్టి మీద బంతి సమంగా లేస్తుంది, పడినా దెబ్బ తక్కువ. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు బారుతుంది. నోట్లో కూత, కళ్లు అవతలివాడి మీద పెట్టుకొని పరుగెత్తేవాడు కిందికి చూడడు, కాలి మడమ నెర్రెలో ఇరుక్కుంటుంది. ముందురోజు సాయంత్రం నలుగురు వరుసగా నిలబడి గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. తుమ్మ ముండ్లు, పల్లేరు కాయలు, గాజు పెంకులు ఏరేయండి. ఖో-ఖో భాగంలో జనం కింద కూర్చుంటారు కాబట్టి ఈ పని తప్పించుకోవడానికి లేదు.

పిచ్ ఉత్తర-దక్షిణంగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఒక బ్యాటర్‌కి ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. ఎండాకాలంలో పొద్దున 6 నుంచి 8 లోపు, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాతే పెట్టుకోండి. ఊపిరి బిగబట్టే ఆట ఇది, వరంగల్ ఎండలో మధ్యాహ్నం ఆడించేది కాదు.

గీతలకు ముగ్గు పిండి వాడండి. ఘాటు సున్నం పిల్లల కళ్లలో పడితే మంట, కింద పడ్డప్పుడు గీరుకున్న చోట ఇంకా మంట. రెండు మ్యాచ్‌లకూ కలిపి బ్యాట్లు రెండు, టెన్నిస్ బాల్స్ మూడు, స్టంపులు రెండు జతలు, రబ్బరు వాలీబాల్ ఒకటి, నెట్టు, రెండు విజిల్స్, స్కోరుకు పలక, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు చాలు. జట్టుకు ఏడుగురు. కబడ్డీ కోర్టులో ఉండేదీ ఏడుగురే కాబట్టి ఆ లెక్క అందరికీ గుర్తుంటుంది. పంటలేసుకొని జట్లు పంచుకుంటే పెద్దవాళ్లు, పిల్లలు కలిసిపోతారు. ఆయాసం, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు కూత పని ఇవ్వకండి. వాళ్లు కింద చెప్పబోయే కూత అంపైర్లుగా ఉంటారు, ఆ పని చిన్నదేం కాదు.

మొదటి మ్యాచ్: కూత క్రికెట్

అసలు పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. ఈ ఆటకు అది ఎక్కువ. ఇరవై అంగలు, సుమారు 15 మీటర్లు వేయండి. బౌలింగ్ చేయి కింద నుంచే. ఇన్నింగ్స్‌కు 6 ఓవర్లు, ఆరుగురు తలా ఒక ఓవర్ వేస్తారు, ఏడో మనిషి కీపర్. చుట్టం రూల్ ఇది: క్రీజు వదిలిన క్షణం నుంచి అవతలి క్రీజులో బ్యాట్ ఆనేదాకా ఇద్దరు బ్యాటర్లూ ఒకే ఊపిరిలో "కబడ్డీ" అంటూనే ఉండాలి. తెగితే ఔట్.

చూడ్డానికి ఇంతే. కానీ గ్రౌండ్‌లో వచ్చే చిక్కులకు జవాబులు ముందే రాసి పెట్టుకోవాలి.

కూత తెగడాన్ని రనౌట్ లాగే లెక్కేయండి. కాబట్టి నోబాల్‌లో కూడా కూత తెగితే ఔటే, క్రికెట్‌లో నోబాల్‌కి రనౌట్ ఉన్నట్టే. అప్పటికి పూర్తయిన పరుగులు ఉంటాయి, తెగిన పరుగు పోతుంది. ఇద్దరి కూతా తెగితే ముందు తెగినవాళ్లు ఔట్, ఎవరిది ముందో తేలకపోతే స్ట్రైకర్ ఔట్. బంతి బౌండరీ దాటితే ఆ క్షణమే బంతి డెడ్, అక్కడి నుంచి కూత అవసరం లేదు. క్రీజులో బ్యాట్ పెట్టి ఊపిరి తీసుకొని రెండో పరుగుకి పోవచ్చు. ఊపిరి తీసుకోకుండా ఒకే కూతలో రెండు పరుగులూ తీస్తే, కబడ్డీ బోనస్ లాగా అదనంగా ఒక పరుగు. 15 మీటర్లు పోయి తిరిగి రావడానికి పది సెకన్ల లోపే పడుతుంది, కబడ్డీ రైడ్‌కి ఇచ్చే 30 సెకన్లతో పోలిస్తే ఇదెంత అనిపిస్తుంది. కానీ రైడర్‌కి నవ్వు రాదు. ఇక్కడ రెండో పరుగులో ఎదురుపడే తోటి బ్యాటర్ మొహం చూస్తే చాలు, కూత "కబ్‌బ్‌బ్" అని జారిపోతుంది. బోనస్ పెట్టింది అందుకే. అది లేకపోతే తెలివైనవాళ్లు ఒక్కో పరుగుతో సరిపెట్టుకుంటారు.

రెండో ఇన్నింగ్స్‌కి డూ ఆర్ డై తీసుకురండి. 2014లో ప్రో కబడ్డీ టీవీలో వచ్చిన దగ్గర్నుంచి ఈ మాట పల్లెల్లో కూడా తెలుసు, వరుసగా రెండు ఖాళీ రైడ్‌లు పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేకుంటే రైడర్ ఔట్. ఇక్కడ వరుసగా రెండు బంతులకు పరుగు రాకపోతే మూడో బంతికి తగిలినా తగలకపోయినా పరుగు తీయాల్సిందే. పరుగు పూర్తికాకపోతే స్ట్రైకర్ ఔట్. అప్పుడు చూడాలి బ్యాటర్‌ని. బౌలర్ అడుగు వేయకముందే గుండెల నిండా ఊపిరి పీల్చి, బుగ్గలు పొంగించి నిలబడతాడు. బౌలర్ కావాలని ఆగి బంతి తుడుచుకుంటాడు. బ్యాటర్ మొహం ఎర్రబడుతుంది, ఊపిరి వదిలేస్తాడు, సరిగ్గా అప్పుడే బంతి వస్తుంది. బౌలర్ ఇలా ఆగడం తప్పు కాదు, ఆటలో అదొక ఎత్తు. కానీ దానికి హద్దు ఉండాలి. అంపైర్ "ప్లే" అన్నాక పది సెకన్లలోపు బంతి పడాలి, దాటితే నోబాల్.

ఇక తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది గొణుగుడు. ఇద్దరు ముగ్గురు "బడ్డీబడ్డీ" అనో, పెదాలు కదిలిస్తూనో పరుగెత్తేస్తారు. కబడ్డీలో కూత తేటగా, వినబడేలా ఉండాలన్నది అసలు రూలే. దీనికి రెండు క్రీజుల దగ్గరా ఒక్కో కూత అంపైర్‌ని, పిచ్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఒక్కొక్కరు ఒక్క బ్యాటర్ గొంతే వినాలి. ఇద్దరినీ ఒక్కరే వింటానంటే కుదరదు, రెండు గొంతులు కలిసిపోతాయి. రెండోది ఫీల్డర్ల గోల. కీపర్ కూడా "కబడ్డీ కబడ్డీ" అని మొదలుపెడితే ఎవరి కూత తెగిందో ఎవరికీ తెలియదు. ఫీల్డర్ కూత పెడితే అవతలి జట్టుకు ఒక పరుగు అని ముందే చెప్పండి. మూడోది ఒకటుంది, దీన్ని మాత్రం గట్టిగా ఆపాలి. పది నిమిషాలయ్యాక ఎవరో ఒకరు "కబడ్డీ కదా, పరుగెత్తేవాణ్ణి పట్టుకుందాం" అంటారు. ఒప్పుకోకండి. చేతిలో బ్యాట్ ఉన్న మనిషిని పరుగులో పట్టి లాగితే బ్యాట్ ఎవరి పళ్లకో, మోకాలికో తగులుతుంది. చుట్టం రూల్ నోటి దగ్గరే ఆగాలి.

అంపైర్ నవ్వకూడదు

మ్యాచ్ బాగా నడవడం, నడవకపోవడం సగం అంపైర్ చేతిలో ఉంటుంది. బడి పీఈటీ సార్ దొరికితే అంతకన్నా మంచి మనిషి లేడు, రెండు ఆటలూ తెలుసు, గొంతు ఉంది, పిలగాండ్లకు భయం కూడా ఉంది. అంపైర్ తీర్పు ఇచ్చేటప్పుడు ఏ ఆట రూల్ కింద ఇస్తున్నాడో చెప్పాలి. "కబడ్డీ రూల్, కూత తెగింది, ఔట్." "క్రికెట్ రూల్, బౌండరీ, నాలుగు." అదీ ఫైనల్ మ్యాచ్‌లో చెప్పినంత గంభీరంగా. అంపైర్ నవ్వుతూ చెప్పాడా, ఔటైనవాడు "సార్ గూడ నవ్వుతుండు, ఉత్తగనే అన్నడు" అని క్రీజు వదలడు. ఆ ఒక్కడు వదలకపోతే తర్వాత ఎవరూ వదలరు.

పట్టుదల మరీ ఎక్కువైతే జట్టుకు ఒక రివ్యూ ఇవ్వండి. ప్రతి క్రీజు పక్కనా ఒక ఫోన్‌లో వీడియో తీస్తూ ఉంటే సరిపోతుంది. బొమ్మకన్నా శబ్దమే ముఖ్యం కాబట్టి ఫోన్‌ని స్పీకర్ బాక్సులకు దూరంగా పెట్టండి. తెగిన కూతను మైకు దగ్గర పెట్టి అందరికీ వినిపిస్తే, ఔట్ అయినవాడే ముందు నవ్వుతాడు.

మైకు పట్టేవాళ్లకు ఒక హద్దు చెప్పాలి. ఆట గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, "రైడర్ క్రీజు దాటిండు, ఊపిరి సగమే ఉంది" లాంటివి చెవికి ఇంపుగా ఉంటాయి. మనిషి లావు, రంగు, కులం, ఆడా మగా అనే మాటలు ఒక్కటి వచ్చినా మైకు తీసేసుకోండి.

రెండో మ్యాచ్: ఖో వాలీబాల్

కూత క్రికెట్ అయిన వెంటనే దీన్ని పెట్టండి, వరుస మార్చకండి. అప్పటిదాకా "కబడ్డీ" అన్న నోళ్లు ఇక్కడ "ఖో" అనాల్సిన చోట "కబడ్డీ" అనేస్తాయి. నవ్వుల్లో మంచి నవ్వు చాలాసార్లు ఇలాగే వస్తుంది.

కోర్టు 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంటే అసలు వాలీబాల్ కోర్టు కన్నా ఒక్కోవైపు మూడోవంతు తక్కువ. నెట్టు 2 మీటర్ల ఎత్తు. జట్టులో ఏడుగురు ఉంటే ముగ్గురు కోర్టులో, నలుగురు కూర్చొని. ఆ నలుగురినీ కోర్టు మధ్యలో కూర్చోబెట్టాలని అందరికీ తోస్తుంది, ఖో-ఖోలో అలాగే కూర్చుంటారు కాబట్టి. అది పెద్ద తప్పు. బంతిని చూస్తూ వెనక్కి నడిచేవాడు కూర్చున్నవాడి మీద పడతాడు. వెనక గీతకు ఒక మీటర్ అవతల, మనిషికి మనిషికి మీటరున్నర ఎడంతో కూర్చోబెట్టండి. ఒకరు కోర్టువైపు, పక్కవారు వెనక్కి, ఖో-ఖోలో లాగే ఒకటి విడిచి ఒకటి. వెనక్కి తిరిగి కూర్చున్న ఇద్దరికీ ఆట కనిపించదు, గోల ఒక్కటే వినబడుతుంది.

ఇల్లు వాలీబాల్‌దే, మూడు టచ్‌లు. కొత్తవాళ్లు ఉంటే ఒక టప్పా పడనివ్వండి. చుట్టం రూల్: బంతిని నెట్టు దాటించినవారు పరుగెత్తి, కూర్చున్న ఒకరిని వెనక నుంచి వీపు తట్టి "ఖో" అని, వాళ్ల చోట కూర్చోవాలి. లేచినవారు కోర్టులోకి వస్తారు. ఆ ఖో పూర్తయ్యేదాకా ఆ జట్టు మళ్లీ బంతిని నెట్టు దాటించకూడదు, దాటిస్తే పాయింట్ పోతుంది. అంటే ఖో ఆలస్యమైతే మిగిలిన ఇద్దరూ మూడు టచ్‌లతో బంతిని గాలిలో నిలబెట్టి సమయం సంపాదించాలి. తట్టకుండా "ఖో" అన్నా, అనకుండా తట్టినా, ముందునుంచి తట్టినా, ఖో రాకముందే లేచినా పాయింట్ పోతుంది. ఇవన్నీ ఖో-ఖోలో ఉన్న ఫౌల్సే. 15 పాయింట్లకు ఒక సెట్టు, మూడు సెట్లు చాలు.

ఎక్కడ తప్పుతుందో ముందే తెలుసుకుంటే అంపైర్‌కి సులువు. వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లు జనం అరుపు వినగానే తమకే ఖో వచ్చిందని లేచి కోర్టులోకి దూకేస్తారు. ఖో అందుకున్నవాళ్లు వీపు కోర్టువైపు ఉండటంతో చెట్లవైపు నాలుగడుగులు పరుగెత్తి, అప్పుడు తిరుగుతారు. బంతి నెట్టు దాటించిన మొనగాడు తన షాట్‌ని తానే చూసుకుంటూ నిలబడిపోతాడు, కూర్చున్న నలుగురూ ఒకేసారి "ఉరుకురా" అని అరుస్తారు, ఆ అరుపు వల్లే వాడు ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నలుగురి మధ్యా తిరుగుతాడు. కాబట్టి ప్రతి వెనక గీత దగ్గరా ఖో చూడటానికే ఒక మనిషి ఉండాలి, అతను బంతివైపు చూడకూడదు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖో-ఖో ప్రపంచకప్‌ని మన పురుషులు, మహిళలు ఇద్దరూ గెలిచారు. బడిలో ఖో-ఖో ఆడే ఆడపిల్లలు మీ ఊళ్లో ఉంటే ఈ పని వాళ్లకే ఇవ్వండి, ఫౌల్ పట్టడంలో పెద్దవాళ్లకన్నా నయం.

పరుగెత్తలేని పెద్దలకు బ్యాడ్మింటన్ డబుల్స్‌లో క్యారమ్ రెడ్ పెట్టొచ్చు, క్యారమ్‌లో రెడ్ వేశాక వెంటనే ఇంకో కాయ వేసి ఫాలో కావాలి కదా. సర్వీసుకు ముందు ఒక జట్టు "రెడ్" అంటుంది. ఆ పాయింట్ గెలిచి, వెంటనే తర్వాతిది కూడా గెలిస్తే ఫాలో అయినట్టు, రెండూ కలిపి 3 పాయింట్లు. ఫాలో కాకపోతే మొదట గెలిచింది కూడా పోతుంది, రెడ్ తిరిగి బోర్డు మధ్యకు వచ్చినట్టే. గేమ్‌కు జట్టుకు రెండుసార్లే ఈ అవకాశం.

మొత్తం కార్యక్రమం రెండు గంటలు దాటనివ్వకండి. అలవాటయ్యేకొద్దీ ఒళ్లు కొత్త రూల్‌కి సర్దుకుంటుంది, సర్దుకున్నాక అది మామూలు ఆటే. ఇంకో మ్యాచ్ కావాలంటే చుట్టం రూల్ మార్చి, వేరే రోజు పెట్టుకోండి. దసరా సెలవుల్లో ఊరికి వచ్చినవాళ్లతో సద్దుల బతుకమ్మ రోజున ఆడితే నాలుగున్నరకల్లా నెట్టు విప్పేయండి. స్టంపుల గుంటలు మట్టితో పూడ్చి కాలితో అణచండి, సీసాలు, అరటి తొక్కలు ఏరేయండి. కాసేపట్లో ఆడోళ్లు బతుకమ్మలు ఎత్తుకొని, చెప్పులు విడిచి అదే నేల మీదికి వస్తారు.